క్రైస్తవ విశ్వాసం - వ్యక్తి స్వేచ్ఛ
(బొగ్గుగనుల ప్రాంతం నుండి ఒక పరిశీలన)

గోదావరిఖనిలో ఆదివారం ఉదయం క్రైస్తవ కార్మికునికి రెండు పిలుపులు వస్తాయి. ఒకటి ప్రార్థనకు, రెండవది పనికి. గని కార్మికులు వారాంతపు సెలవును 'ప్లే డే' అంటారు. ఆనాడు డ్యూటీ చేసినవారికి రెట్టింపు వేతనం ముడుతుంది గనుక, ఆ డ్యూటీ దొరకడమే అదృష్టమని ఎదురుచూసే కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఒక క్రైస్తవ కార్మికుణ్ణి ఊహించుకుందాం. కుమార్తె చదువుకు ఫీజు కట్టవలసి ఉంది. డ్యూటీకి వెళితే రెండు మస్టర్ల కూలి వస్తుంది. ఆయన వెళ్ళలేదు, ప్రార్థనకు వెళ్ళాడు. మర్నాడు గనిలోకి దిగేటప్పుడు తోటి కార్మికుడు, "ఏందన్నా, నీ దేవుడు స్వేచ్ఛ ఇచ్చిండంటవు, పైసలు సంపాయించుకునే స్వేచ్ఛ గూడ లేకుండ చేసిండు గదా!" అని అడిగాడనుకుందాం.

ఈ ప్రశ్నను హాస్యంగా కొట్టివేయరాదు. మతవిశ్వాసం మనిషికి సంకెల అని కొందరు, మతవిశ్వాసమే మనిషిని సంకెలల నుండి విడిపించిందని మరికొందరు వాదిస్తారు. ఇరుపక్షాలకూ చరిత్రలో సాక్ష్యాలు దొరుకుతాయి. ప్రస్తుత వ్యాసంలో క్రైస్తవ విశ్వాసం వ్యక్తి స్వేచ్ఛకు అడ్డమా, అండా అనే విషయాన్ని మన ప్రాంతపు అనుభవం ఆధారంగా పరిశీలిద్దాం. ముస్లిం పాఠకులు కూడా ఈ ప్రశ్నను తమది కాదని అనుకోనవసరం లేదు. నియమాలతో కూడిన ఏ విశ్వాసానికైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది.

స్వేచ్ఛ అనగానేమి?

సాధారణంగా స్వేచ్ఛ అనే మాటను మనం రెండు అర్థాలలో వాడుతుంటాం. అడ్డు లేకపోవడం మొదటి అర్థం. అనగా, నేను చేయదలచిన పనిని ఎవరూ ఆపకపోవడం. రెండవ అర్థం ఇంకొంచెం లోతైనది. తనను తాను నడుపుకోగల శక్తి కలిగి ఉండడం. త్రాగుబోతును సారా దుకాణానికి వెళ్ళకుండా ఎవరూ ఆపకపోవచ్చు. మొదటి అర్థంలో అతడు స్వతంత్రుడే. కాని జీతం రోజున దుకాణం దాటి ఇంటికి నడిచి వెళ్ళే శక్తి అతనికి లేకపోతే, రెండవ అర్థంలో అతడు బానిస.

క్రైస్తవ గ్రంథం ముఖ్యంగా ఈ రెండవ అర్థం మీదనే దృష్టి పెట్టింది. యోహాను సువార్త 8వ అధ్యాయంలో, పాపం చేసేవాడు పాపానికి దాసుడని, సత్యం మనిషిని విడిపిస్తుందని యేసు బోధించినట్లు ఉంది. అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయంలో విశ్వాసులు స్వాతంత్ర్యం కోసమే పిలువబడ్డారని చెప్పి, వెంటనే ఆ స్వాతంత్ర్యాన్ని శరీర కోరికలకు సాకుగా వాడుకోక, ఒకరికొకరు సేవ చేసుకోవడానికి వినియోగించమని హెచ్చరించాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఇంకా ముందుకు వెళ్ళి, మనిషి ఎవరో ఒకరికి దాసుడుగానే ఉంటాడు, పాపానికో నీతికో అన్నట్లు వాదించాడు. 1520లో జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ క్రైస్తవుని స్వేచ్ఛను గురించి వ్రాసిన చిన్న గ్రంథంలో ఈ భావాన్నే రెండు ముఖాలుగా చూపాడు. విశ్వాసం చేత క్రైస్తవుడు ఎవరికీ లోబడినవాడు కాదు, ప్రేమ చేత అందరికీ సేవకుడు.

కాబట్టి క్రైస్తవ విశ్వాసం నియమాలు విధించదని చెప్పడం సరికాదు. విధిస్తుంది. ఆ నియమాలు మనిషిని ఎవరి చేతి నుండి విడిపించాయి, ఎవరి చేతికి అప్పగించాయి అన్నదే పరిశీలించవలసిన విషయం. దీనికి సమాధానం గ్రంథాలలో కన్న మన పల్లెలలో స్పష్టంగా దొరుకుతుంది.

తెలుగు పల్లెలో మూడు నియమాలు

తెలుగునాట క్రైస్తవం దళితుల మధ్య పెద్దయెత్తున వ్యాపించిన తీరుకు బాగా నమోదైన తొలి ఉదాహరణ ఒంగోలు ప్రాంతం. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు బాప్తిస్మం పొందాడు. ఆయన తోలు వ్యాపారం మీద ఊరూరా తిరిగేవాడు, అదే దారుల వెంట తన కొత్త విశ్వాసాన్ని బంధువులకు చెప్పాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ పనిచేశాడు. కరవు తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటన ఆ ప్రాంతానిదే.

అక్కడ చేరేవారి ముందు ప్రధానంగా మూడు నియమాలు ఉంచేవారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. పైకి చూస్తే మూడూ నిషేధాలే. స్వేచ్ఛను కుదించేవిగానే కనిపిస్తాయి. అయితే ఇవి ఎవరి మీద విధింపబడ్డాయో, వారి జీవితం అంతకు ముందు ఎలా ఉండేదో గమనించాలి.

మాదిగవాడు ఊరికి తోలు పని చేయాలి, జాతరలో డప్పు కొట్టాలి, చచ్చిన పశువును మోసుకుపోవాలి. ఏ రోజు పిలిస్తే ఆ రోజు వెళ్ళాలి. అతనికి 'సెలవు' అనే మాటే లేదు. అటువంటివాడు, "ఆదివారం నేను రాను" అన్నాడంటే, వారంలో ఒక రోజు మీద తనకు అధికారం ఉన్నదని మొట్టమొదటిసారి ప్రకటించాడన్నమాట. "చచ్చిన గొడ్డు తినను" అనడం, తన అంటరానితనానికి ఆధారంగా చూపబడే పనిని తానే త్రోసిపుచ్చడం. "విగ్రహాన్ని పూజించను" అన్నవాడు, జాతరలో డప్పు కొట్టవలసిన బాధ్యత నుండి కూడా తప్పుకున్నాడు. ఊరి పెద్దలకు ఈ మూడు నియమాల అర్థం వెంటనే తెలిసిపోయింది. అందుకే వారు ఆగ్రహించారు. క్రైస్తవులైనవారికి నీళ్ళు, పని దొరకకుండా చేసి లొంగదీయడానికి ప్రయత్నించారు. నియమం కేవలం బంధనమే అయితే, దాన్ని చూసి యజమాని కోపగించుకోవలసిన పని లేదు.

ఇక్కడే మన విషయానికి మూలసూత్రం దొరుకుతుంది. బలహీనునికి స్వేచ్ఛ మొదట 'కాదు' అనగల శక్తిగా వస్తుంది. 'కాదు' అనడానికి ఒంటరివానికి ధైర్యం చాలదు. తనకన్న పెద్ద ఆజ్ఞ ఒకటి ఉన్నదని చెప్పగలిగినప్పుడు, ఆ ఆజ్ఞను పాటించే సంఘం తన వెనుక నిలిచినప్పుడు ఆ ధైర్యం వస్తుంది.

ఇస్లాం చరిత్ర తెలిసినవారికి ఇక్కడ హజ్రత్ బిలాల్ (రజి) జ్ఞాపకం రాక మానరు. మక్కాలో బానిసగా ఉండి, యజమాని మండుటెండలో చిత్రహింస పెడుతున్నా దైవం ఒక్కడే అనే మాటను విడవని బిలాల్, అబూబక్ర్ (రజి) ధనమిచ్చి విడిపించక పూర్వమే ఒక అర్థంలో స్వతంత్రుడయ్యాడు. యజమాని అధికారానికి పైన మరొక అధికారం ఉన్నదని ఒప్పుకున్నవాణ్ణి పూర్తిగా బానిసగా ఉంచడం సాధ్యం కాదు.

బొగ్గు బాట మీది డోర్నకల్

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 1871లో ఇల్లందు సమీపంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1889 నుండి అక్కడ త్రవ్వకం సాగింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. గోదావరి ఒడ్డున రామగుండం వైపు గనులు 1960వ దశకం నుండి విస్తరించాయి, వాటి చుట్టూ గోదావరిఖని పట్టణం పెరిగింది.

ఇల్లందు గనులకు రైలు మార్గం చీలే కూడలి డోర్నకల్. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత చందాలతో స్థాపించుకున్న మిషనరీ సంఘం తొలి సేవాక్షేత్రంగా ఎన్నుకొన్నది ఈ డోర్నకల్‌నే. ఆ సంఘ స్థాపకులలో ముఖ్యుడైన వేదనాయకం సామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న మరణించేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నాడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయులకు త్యాగాలు చేస్తున్నారు గాని స్నేహం ఇవ్వడం లేదని ముఖం మీదనే చెప్పినవాడాయన. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయం కట్టడంలో ముస్లిం, హిందూ నిర్మాణ రీతులు రెండూ కలిసి కనిపిస్తాయి. క్రైస్తవుడు కావడానికి తెల్లవాడు కానవసరం లేదని ఆ రాళ్ళే చెబుతున్నాయి.

ఆయన మండలంలో ఆంగ్లికన్ క్రైస్తవుల సంఖ్య 1941 నాటికి రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగలు. నిజాం రాజ్యంలో వెట్టి ఎంత తీవ్రంగా ఉండేదో వేరుగా చెప్పనవసరం లేదు. దొర గడీకి చెప్పులు, మోటకు తోలు బొక్కెనలు ఉచితంగా ఇవ్వడం మాదిగ వంతు, ఊళ్ళూ దాటి మూటలు మోయడం, కబుర్లు చేరవేయడం మాల వంతు. ఇటువంటి సమాజంలో అక్షరం నేర్పే చిన్న బడి, వారానికొక విశ్రాంతి దినం, ఆడపిల్ల చేతిలో పుస్తకం - ఇవన్నీ స్వేచ్ఛకు దారులే. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలో దళిత బాలికలను జోగినులుగా దేవత పేర విడిచిపెట్టే దురాచారం ఉండేది. 1988లో దాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ పూజనే వదిలిన కుటుంబంలో పుట్టిన ఆడపిల్లకు ఆ చట్టం కన్న ముందే రక్షణ దొరికింది.

అయితే న్యాయంగా మరొక మాట చెప్పాలి. వెట్టిని తెంచినది చర్చి ఒక్కటే కాదు. 1946-51 నాటి తెలంగాణ రైతాంగ పోరాటం దొరల అధికారాన్ని కుదిపివేసింది. గని కూడా తన వంతు పని చేసింది. దొర దగ్గర గింజల కోసం పనిచేసినవాడు గనిలో నెల జీతం అందుకున్నాడు. కార్మిక సంఘాలు ఆ జీతానికి హక్కు రూపం ఇచ్చాయి. వారంలో ఆరు రోజులకు మించి ఎవరిచేతనూ గనిలో పని చేయించరాదని 1952 గనుల చట్టం 28వ సెక్షన్ శాసించింది. ఒకనాడు ఒంగోలు మాదిగవాడు దెబ్బలు తిని సంపాదించుకొన్న వారపు విశ్రాంతి, ఇప్పుడు అన్ని మతాల కార్మికులకూ చట్టబద్ధమైన హక్కు. మతం తెచ్చిన మేలు మతం హద్దులు దాటి అందరిదైనప్పుడే అది పరిపూర్ణమవుతుందని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

పేదవాని అంతరాత్మ ఎవరిది?

1930వ దశకంలో అజరయ్యకూ గాంధీజీకీ మధ్య జరిగిన వివాదం మన చర్చకు చాలా దగ్గరిది. 1935లో డాక్టర్ అంబేద్కర్ యేవలాలో తాను హిందువుగా మరణించబోనని ప్రకటించిన తరువాత దళితుల మతమార్పిడి దేశమంతటా చర్చనీయాంశమైంది. హరిజనులకు వివిధ మతతత్త్వాల తారతమ్యం తెలియదని, సాయం ఆశ చూపి వారిని మార్చడం అన్యాయమని గాంధీజీ వాదం. పేదవారికి అన్నం, గౌరవం కావాలన్న కోరిక ఉన్నంత మాత్రాన వారి విశ్వాసం అబద్ధం కాదని, తమ బ్రతుకును గురించి తాము తేల్చుకొనే శక్తి వారికి ఉన్నదని అజరయ్య పక్షం.

రెండు పక్షాలలోనూ బరువు ఉంది. ఆకలితో ఉన్నవానికి గింజలు చూపి విశ్వాసం కొనడం స్వేచ్ఛకు అపచారమే. అటువంటి సంఘటనలు జరగలేదని ఎవరూ చెప్పలేరు. కాని సంపన్నుడు మతం మారితే తత్త్వవిచారమనీ, పేదవాడు మారితే ప్రలోభమనీ ముందుగానే తీర్మానించడం కూడా ఆ పేదవాని స్వేచ్ఛను కాదనడమే. అతడు ఆలోచించలేడని మనమే అతని తరఫున నిర్ణయిస్తున్నాం.

కంచె ఎక్కడ మొదలైంది?

ఇంతవరకు విశ్వాసం అండగా నిలిచిన వైపు చూశాం. ఇక రెండవ వైపు చూడాలి. విశ్వాసి తానుగా స్వీకరించిన నియమం సంస్థ చేతిలో ఆయుధంగా మారినప్పుడు స్వేచ్ఛ కుంచించుకుపోతుంది. క్రైస్తవ చరిత్రలో ఈ మార్పు చాలాసార్లు జరిగింది.

ఐదవ శతాబ్దం ఆరంభంలో ఆఫ్రికా బిషప్ అగస్టీన్, చీలిపోయిన డొనాటిస్టు క్రైస్తవులను బలవంతంగానైనా సంఘంలోకి తీసుకురావచ్చునని, విందుకు పిలిచే యజమాని ఉపమానాన్ని ఆధారం చేసుకొని సమర్థించాడు. 1492లో స్పెయిన్ రాజులు యూదులను బాప్తిస్మమా, బహిష్కారమా ఎన్నుకోమన్నారు. 1609 నుండి 1614 వరకు మోరిస్కోలను, అనగా బలవంతపు బాప్తిస్మం పొందిన ముస్లింల సంతతిని సైతం దేశం నుండి వెళ్ళగొట్టారు. 1553లో ప్రొటెస్టెంట్ల నగరమైన జెనీవాలో మైకేల్ సెర్వెటస్‌ను త్రిత్వ సిద్ధాంతాన్ని కాదన్నందుకు సజీవంగా దహించారు. రోమన్ కాథలిక్ సంఘం ప్రతి మనిషికీ మతవిషయంలో నిర్బంధం లేని హక్కు ఉన్నదని రెండవ వాటికన్ సభ ద్వారా స్పష్టంగా ప్రకటించినది 1965 డిసెంబరు 7న మాత్రమే. యేసు ఎవరినీ బలవంతపెట్టలేదని నమ్మేవారికి ఆ మాట అధికారికంగా చెప్పడానికి పంతొమ్మిది శతాబ్దాలు పట్టిందన్నమాట.

దూరదేశాల సంగతి అలా ఉంచితే, మన దగ్గర కూడా కంచెలు లేకపోలేదు. సంఘ క్రమశిక్షణ పేర పేరు కొట్టివేయడం, పెండ్లికి అనుమతి నిరాకరించడం, మరణించినవానికి సమాధి స్థలం విషయంలో ఇబ్బంది పెట్టడం - ఇవి పల్లె సంఘాలలో తెలియని విషయాలు కావు. కుల వివక్ష నుండి బయటపడడానికి వచ్చినవారి మధ్యనే మాల, మాదిగ భేదం చర్చి పదవుల ఎన్నికల వరకు కొనసాగింది. డప్పును పూర్తిగా నిషేధించడంలో మరొక నష్టం కూడా జరిగింది. వెట్టి డప్పు పోవడం న్యాయమే. కాని తన సంతోషానికి తాను డప్పు కొట్టుకొనే కళను కూడా ఒక తరం సిగ్గుపడి వదులుకుంది. దాస్యానికి గుర్తుగా ఉన్నదాన్ని త్రోసివేయడం ఒకటి, దాన్ని తిరిగి తనదిగా చేసుకోవడం మరొకటి. రెండవది కూడా స్వేచ్ఛే.

స్త్రీల విషయం మరింత ఆలోచించదగినది. బడి ఇచ్చిన విశ్వాసమే వివాహంలో స్త్రీకి దారి మూసిన సందర్భాలున్నాయి. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్త భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు, విడాకులు దొరికేవి. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వాన్నో, రెండేళ్ళ పరిత్యాగాన్నో కూడా రుజువు చేయవలసి వచ్చేది. త్రాగివచ్చి కొట్టే భర్త నుండి విడిపోవడానికి ఆ కొట్టడం ఒక్కటే కారణంగా చాలేది కాదు. ఈ అసమానత 2001 సవరణతో గాని తొలగలేదు. దీనికి మూలం వలస ప్రభుత్వపు శాసనం. అయినా దాన్ని 132 సంవత్సరాలు భరించినది క్రైస్తవ గృహిణులే.

రాజ్యం అడిగే ధర

విశ్వాసం వల్ల వచ్చినట్లు కనిపించినా నిజానికి శాసనం వల్ల వచ్చిన బంధనం మరొకటి ఉంది. గనుల ప్రాంతంలో ఇది ఇంటింటి సమస్య.

భారత రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను, మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసే హక్కును ఇస్తున్నది. ప్రచార హక్కులో మరొకరిని మార్చే హక్కు ఇమిడి లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇదిలా ఉండగా, 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు 3వ పేరా ఆ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కొట్టివేయడానికి అంగీకరించలేదు. 2007లో సమర్పించబడిన రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదిక దాన్ని తొలగించమని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం ఇదే విషయంపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్‌ను నియమించింది. తెలుగు రాష్ట్రాలలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారికి వెనుకబడిన తరగతుల జాబితాలోని 'సి' గ్రూపు క్రింద ఒక శాతం రిజర్వేషన్ మాత్రమే ఉంది.

దీని ఫలితం ఏమిటి? తండ్రి ఆదివారం ప్రార్థనకు వెళతాడు. కుమారుని సర్టిఫికెట్టులో వేరే మతం ఉంటుంది. చర్చిలో ఒక పేరు, ఆఫీసులో మరొక పేరు. బహిరంగంగా బాప్తిస్మం పొందడానికి జంకి, తీసుకోకుండా వెనుక వరుసలో కూర్చొని వెళ్ళిపోయేవారు ఉన్నారు. వారిని కపటులని నిందించడం తేలిక. కాని అంతరాత్మను ఒప్పుకున్న మరుక్షణం పిల్లల ఉద్యోగావకాశం తగ్గిపోయే ఏర్పాటును నిలబెట్టి, మనిషి స్వేచ్ఛగా ఎన్నుకోవచ్చునని చెప్పడం ఎంతవరకు నిజం? కులం ఒకరిని మతం మారినంత మాత్రాన వదలడం లేదని చర్చిలోని మాల, మాదిగ తగాదాలే సాక్ష్యమిస్తున్నాయి. దళిత మూలాలున్న ముస్లింలు కూడా ఇదే నిబంధన క్రింద నలుగుతున్నారు గనుక ఈ విషయంలో ఇరువురి బాధా ఒకటే.

ఇస్లామీయ దృష్టితో పోల్చి చూస్తే

క్రైస్తవ, ఇస్లాం ధర్మాలు రెండూ మనిషిని దేవుని దాసునిగానే చూస్తాయి. ఇస్లాంలో 'అబ్ద్' అనే పదం అవమానసూచకం కాదు, గౌరవసూచకం. అల్లాహ్‌కు మాత్రమే సాష్టాంగపడే నుదురు మరెవరి ముందూ వంగనవసరం లేదని తౌహీద్ భావం. పౌలు చెప్పిన దాస్యానికీ దీనికీ ఎంతో సామీప్యం ఉంది.

భేదాలు కూడా ఉన్నాయి. ఆదాము పాపం చేత మానవుని ఇచ్ఛాశక్తి బలహీనమైందని, దైవకృప లేనిదే మేలును ఎన్నుకోలేడని అగస్టీన్ బోధించాడు. దాన్ని కాదన్న పెలాజియస్ బోధను 418లో కార్తేజి సభ ఖండించింది. ఇస్లాంలో జన్మపాపం అనే భావన లేదు. మనిషి శుద్ధమైన 'ఫిత్రత్'పై పుడతాడు. అయితే దైవనిర్ణయానికీ మానవేచ్ఛకూ గల సంబంధం గురించి ముస్లిం పండితులలోనూ వివాదం సాగింది. మనిషి తన పనులకు తానే కర్త అని ముఅతజిలీలు అన్నారు. పని సృష్టి దైవానిది, దాని ఆర్జన మానవునిదని 10వ శతాబ్దంలో ఇమామ్ అష్అరీ మధ్యేమార్గం చూపాడు. ఇరు ధర్మాలలోని పండితులూ ఒకే చిక్కుముడితో పెనుగులాడారని దీనివల్ల తెలుస్తుంది.

విశ్రాంతి దినం విషయంలోనూ భేదం ఉంది. ఖుర్ఆన్ 62వ సూరా ప్రకారం శుక్రవారం పిలుపు వినగానే వ్యాపారం ఆపి ప్రార్థనకు రావాలి. ప్రార్థన ముగిశాక తిరిగి జీవనోపాధి వెదుక్కోవచ్చు. అది రోజంతటి విశ్రాంతి కాదు. క్రైస్తవుల ఆదివారం అలా కాదు. అయితే విశ్రాంతి దినం మనిషి కోసమే ఏర్పడిందని, మనిషి దాని కోసం కాదని మార్కు సువార్త 2వ అధ్యాయంలో యేసు బోధించినట్లుంది. ఆ బోధను మరచిన సంఘం ఆదివారాన్ని మళ్ళీ కాడిగా మారుస్తుంది.

ధర్మంలో నిర్బంధం లేదని ఖుర్ఆన్ 2వ సూరా 256వ ఆయతు చెబుతున్నది. అయినా మతాన్ని విడిచినవానికి ప్రాచీన ఫిఖ్ పండితులు కఠినశిక్ష విధించారు. ఆధునిక పండితులలో అనేకులు ఆ ఆయతునే ఆధారం చేసుకొని దాన్ని పునఃపరిశీలించారు. మన దేశంలోనే, నిర్దయుడైన భర్త నుండి విడిపోవడానికి వేరే మార్గం కానరాక కొందరు ముస్లిం స్త్రీలు మతాన్నే విడిచిపెట్టవలసి వచ్చిన పరిస్థితి 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టానికి ఒక ముఖ్య కారణం. ఆ చట్టానికి మార్గం వేసినవారిలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి ఆలిములు ఉండడం గమనార్హం. తలుపు మూసి ఉంచడం చేత విశ్వాసం నిలవదని వారు గ్రహించారు. సెర్వెటస్‌ను దహించినవారికి తెలియని సత్యం అదే.

ముగింపు

పై విషయాలన్నిటి నుండి మూడు గుర్తులు తీయవచ్చు. నియమాన్ని మనిషి తెలిసి, తానుగా స్వీకరించాడా? ఆ నియమం బలవంతుని ముందు అతణ్ణి నిలబెడుతున్నదా, లేక మరొక బలవంతుని ముందు కూర్చోబెడుతున్నదా? ప్రశ్నించడానికీ, అవసరమైతే వెళ్ళిపోవడానికీ అతనికి దారి ఉన్నదా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికినచోట క్రైస్తవ విశ్వాసం స్వేచ్ఛకు అండ. దొరకనిచోట అది కంచె. ఈ కొలబద్ద క్రైస్తవులకే గాక మనందరికీ వర్తిస్తుంది.

మొదట చెప్పుకొన్న గని కార్మికుని వద్దకు తిరిగి వద్దాం. తోటివాని ప్రశ్నకు ఆయన ఇలా జవాబు చెప్పవచ్చు: "తమ్మీ, మా తాతకు ఆదివారమనేదే లేకుండె. దొర పిలిస్తే పోవుడే. నిన్న నన్ను గూడ పిలిచిండ్రు, నేను పోలే. పైసలు పోయినయ్ గని, పోవద్దనుకున్నది నేనే."

ఆ జవాబులో ఆయన స్వేచ్ఛ అంతా ఉంది. అయితే దానికి రెండవ సగం కూడా ఉంది. ఫీజు గడువు దగ్గరపడి వచ్చే ఆదివారం ఆయన డ్యూటీకే వెళ్ళవలసి వస్తే, సంఘ పెద్దలు రిజిస్టరులో ఆయన పేరు కొట్టివేయడానికి పూనుకోరాదు. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి పాప ఫీజు సంగతి అడగాలి. తాత దొరకు చెప్పలేకపోయిన 'కాదు' అనే మాటను మనవడు కంపెనీకి చెప్పగలిగాడు. అవసరమైనప్పుడు అదే మాటను భయం లేకుండా పాస్టరుకు కూడా చెప్పగలిగిననాడు, ఆ సంఘంలో పౌలు చెప్పిన స్వాతంత్ర్యం నిజంగా ఉన్నదని నమ్మవచ్చు.